చుక్కల గీత పక్కన ఒక ఇంగ్లీషు మాట

సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. పాత పటాలు ఎలా చదవాలో చెప్పమంటారు. చెబుతాను. టీ తాగి లేచేముందు ఎవరో ఒకరు, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది సార్?" అని అడుగుతారు. గట్టు తగాదాలో తలలు పగిలిన కథ ఏదైనా చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పే కేసులో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఒక ఇంగ్లీషు మాటకు అర్థం తెలియక, తెలిసినట్టు చెప్పాను. దాంతో ఎకరన్నర పసుపు ఎండిపోయింది. ఇంతే కథ అంటే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. అందుకని ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. నేను పగిడ్యాలలో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఆఫీసులో చేరిన కొత్తలో ఒక పై అధికారికి జ్వరం వస్తే, ఆయన సెలవు చీటీ నేను రాసిపెట్టాను. అందులో 'ఇండిస్పోజ్డ్' అనే మాట వాడాను. ఆ మాట ఎక్కడో పత్రికలో చూసి గుర్తుపెట్టుకున్నది. ఆ చీటీ చదివి పెద్ద ఆఫీసులో ఎవరో మెచ్చుకున్నారట. ఆ రోజు నుంచి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నా బల్ల మీదికే వచ్చేది. జవాబులు నేనే రాసేవాణ్ణి. తెలియని మాట తగిలితే ముందూ వెనకా చూసి అర్థం ఊహించేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు అవతలి ఆఫీసువాళ్లకూ తెలిసేది కాదు. ముప్పై నాలుగేళ్లలో 'నాకు తెలియదు' అనే అలవాటే తప్పిపోయింది.

ఇక కేసు. అది నా రిటైర్మెంటుకు తొమ్మిది నెలల ముందు వచ్చింది. ఆళ్లగడ్డకు కొంత దూరంలో రెండు పల్లెలు. వాటి పొలిమేర మీద, అటు ఒకరి పొలం, ఇటు ఒకరి పొలం. అటువైపు పొలం ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి నడిపే ఒకాయనది. ఆయన నిమ్మ తోట పెట్టాడు. అడవి పందులు వచ్చి మొక్కలు పెకలిస్తున్నాయని చుట్టూ కంచె వెయ్యాలనుకున్నాడు. పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి, ముందు హద్దు చూపించమని అర్జీ పెట్టుకున్నాడు. ఇటువైపు పొలం ఒక పెద్దమ్మది. డెబ్బై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కూలీలను పెట్టుకుని తానే దగ్గరుండి సేద్యం చేయించేది. ఆ ఏడాది పసుపు వేసింది. పొలిమేర దగ్గర్లో రాతి కట్టుడు బావి ఒకటి, దాని మీద మోటారు. బావిని ఆమె మామ తవ్వించాడు. అది ఎవరిదన్న ప్రశ్న ఊళ్లో అంతవరకూ ఎవరికీ రాలేదు.

పటం తీశాం. వందేళ్లు దాటిన ఊరి పటం. మడతల దగ్గర గుడ్డ అతికించి ఉంది. పొలిమేర అంతా నిండు గీతగా గీసి, వానలకు పొంగే వంక దగ్గరికి వచ్చేసరికి ఒక చోట రెండు ఫర్లాంగుల మేర చుక్కలు పెట్టారు. ఆ చుక్కల పక్కన వాలుగా, అందమైన దస్తూరీలో ఒక ఇంగ్లీషు మాట. కంజెక్చరల్.

నాతోపాటు ఆ రోజు పటం మీదికి వంగి చూసిన మనిషి ఒక అమ్మాయి. ఇంజనీరింగు చదివి, అప్పటికి ఏడాది కింద సర్వేయరుగా వచ్చింది. గోస్పాడు దగ్గర పల్లె వాళ్లది. నా కింద పని నేర్చుకోమని వేశారు. చురుకైన పిల్ల. నేను పాపా అని పిలిచేవాణ్ణి.

"సార్, ఈ మాటకు అర్థం ఏంది?" అంది.

జేబులో ఫోను ఉంది. ఆ ఫోనులో ప్రపంచంలోని నిఘంటువులన్నీ ఉన్నాయి. కానీ ఇంగ్లీషు సార్ అని పేరుపడ్డవాడు, కొత్తగా వచ్చిన పిల్ల ముందు ఫోను తీసి వెతుకుతాడా? నేను కళ్లద్దాలు సర్దుకున్నాను.

"కన్ అంటే కూడి. జంక్చర్ అంటే కలిసే చోటు. రెండు ఊర్ల పొలిమేరలు కూడే తావు కాబట్టి కంజెక్చరల్ అని రాసినారు. తెలుగులో సంధి రేఖ అని రాసుకో పాపా."

సంధి రేఖ అనే మాట ఆ క్షణంలో నా నోట్లో పుట్టింది. వినడానికి బాగుంది. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. ఏదో అడగబోయి ఆగింది. ఆ ఆగడాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

కార్తీకంలో ఒకరోజు పొలం మీదికి పోయాం. మాతో చైన్‌మన్ వచ్చాడు. గొలుసు పట్టుకుని పొలాల్లో నడవడమే ఆయన పని. నాకంటే ఏడాది పెద్ద, అన్నా అనేవాణ్ణి. చదువు తక్కువ. కానీ నేలలో రెండు అడుగుల లోతున పూడిపోయిన పాత రాయిని కూడా గడ్డపార మోతను బట్టి చెప్పేవాడు. ఆ రోజు నిండు గీత ఉన్నంత మేరా ఆయన ఒక్కొక్క రాయినీ చూపిస్తూ వచ్చాడు. చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"సార్, ఈడ రాళ్లు లేవు."

"పూడిపోయింటాయి, చూడన్నా."

"నాలుగు తావుల్లో చూసినా. పూడితే మోత తెలుస్తాది. ఈడ ఎవరూ రాయి పాతలే. గీత చూడండి, వంకను అడ్డంగా కోసుకొని పోతాంది. వానల్లో ఈడ నీళ్లు ఎంత వెడల్పు పారతాయో మీకు తెల్దా? ఆ కాలంలో ఎవరు దాటింటారు?"

మనిషి అసలు సంగతి పూర్తిగా చెప్పేశాడు. పటం గీసినవాడు వంక దాటలేదు, ఆ కాస్త మేరా కొలవలేదు, చుక్కలు పెట్టి పోయాడు. ఇంగ్లీషు రాని మనిషి ఆ ఇంగ్లీషు మాటకు అర్థం నేల మీద చదివి చెప్పాడు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"సంధి రేఖకు రాళ్లు పాతరన్నా. రూలు అట్లుంది."

ఆ రూలు కూడా అప్పుడే పుట్టింది. ఒకసారి ఊహకు పేరు పెడితే దాన్ని నిలబెట్టడానికి మరి నాలుగు ఊహలు కావలసి వస్తాయి. నేను చుక్కల మీదుగా కొలిపించి, ఆళ్లగడ్డ నుంచి తెప్పించిన నాలుగు రాళ్లు పాతించాను. మూడో రాయి బావికి ఇవతల పడింది. అంటే బావి తొమ్మిది మీటర్ల తేడాతో అంగడాయన పొలంలోకి పోయింది.

పెద్దమ్మ గట్టు మీద నిలబడి అంతా చూస్తూనే ఉంది. రాయి పాతడం అయ్యాక వచ్చింది.

"ఏందప్పా ఇది? బావి ఆయప్పదంటాండావా?"

"నేను అనడం లేదు పెద్దమ్మా. పటం అంటాంది."

"పటం ఎవరు గీసినారు?"

"పూర్వం తెల్లదొరలు."

"వాళ్లు ఈడికి వచ్చి చూసినారా?"

"చూడకుండా ఎట్ల గీస్తారు?"

ఆమె బావి వైపు చెయ్యి చూపించింది. "మా మామ బావి తవ్విచ్చేటప్పుడు పక్క చేన్ల వాళ్లంతా వచ్చి, ఈడ తవ్వు, నీళ్లు పడతాయని చెప్పినారంట. అప్పుడు ఎవురూ ఇది నీది కాదనలే" అంది. పసుపు చేలోకి దిగిపోయింది.

నిజానికి అంగడాయన చెడ్డవాడు కాడు. ఆ రోజే నన్ను పక్కకు పిలిచి, "నాకు బావి ఎందుకప్పా? నాకు బోరుండాది. పందుల కోసరం కంచె అడిగితే బావి ఇచ్చినారే" అన్నాడు. పెద్దమ్మ మోటారు అక్కడే ఉండనిస్తానన్నాడు. బావిని కలుపుకుని కంచె వేసి, దానికి గేటు పెట్టించి, తాళం చెవి అంగడిలో ఉంచుకున్నాడు. కరెంటు తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నానికి పోయేది. ఆయన అంగడి సర్దుకుని పొలానికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. కరెంటు ఉన్నప్పుడు గేటుకు తాళం, తాళం తీసినప్పుడు కరెంటు లేదు. ఆమె తాళం చెవి ఒకటి తనకిమ్మని అడిగింది. ఇద్దామనే అనుకున్నాడట. ఈలోగా ఆయనకు తెలిసిన వకీలు ఒకరు, అలా చెవి ఇస్తే రేపు ఆమెకు హక్కు పుడుతుంది, గీత మీ పక్కన స్పష్టంగా ఉంది కదా, అని హెచ్చరించాడు. ఆయన చెవి ఇవ్వలేదు. చదువుకున్నవాళ్లం ఆ పసుపు చుట్టూ ముగ్గురం చేరాం: గీత గీసినవాణ్ణి నేను, సలహా ఇచ్చిన వకీలు, సలహా విన్న అంగడాయన. ముగ్గురిలో ఎవరికీ ఆ పెద్దమ్మ మీద ద్వేషం లేదు.

పసుపు దుంప ఊరే కాలంలో తడి అందలేదు. పుష్యమాసానికి ఆకు మాడింది. తవ్వి చూస్తే కొమ్ములు వేలికన్నా సన్నగా ఉన్నాయని చైన్‌మన్ అన్న వచ్చి చెప్పాడు. నేను, "అయ్యో, అట్లనా" అని ఫైలు తిప్పుకున్నాను.

ఇటు ఆఫీసులో నా మాట మాత్రం బాగా ఊరింది. నా నివేదిక చదివిన మా పై అధికారికి సంధి రేఖ అనే మాట తెగ నచ్చింది. "ఏం పదమయ్యా, ఇన్నాళ్లూ మనకు లేకపోయింది" అన్నాడు. రెండు నెలల్లో ఇంకో మూడు ఫైళ్లలోకి ఎక్కింది. ఒక దాంట్లో 'సంధి రేఖ నియమానుసారం రాళ్లు ఉండవు గనుక' అని ఉంది. చదివి ముసిముసిగా నవ్వుకున్నాను. గర్వపడ్డాను కూడా. నా రిటైర్మెంటు సభలో దీన్ని గురించి ఎవరైనా మాట్లాడతారని ఆశపడ్డాను.

పెద్దమ్మ ఊరుకోలేదు. నంద్యాలలో పెద్ద అధికారికి అర్జీ ఇచ్చింది. మాఘంలో విచారణ పెట్టారు. పటంతో, నివేదికతో నేను హాజరు కావాలి. శివరాత్రి దగ్గర పడుతోంది, బస్సులన్నీ మహానందికి పోయే జనంతో నిండి ఉన్నాయి. బస్టాండు పక్కన టీ అంగట్లో ఆ అమ్మాయి నాకోసం ఎదురుచూస్తోంది. టీ చల్లారిపోయి మీగడ కట్టింది. తాగలేదు.

"సార్, మీకో మాట చెప్పల్ల" అంది. ఫోను నా ముందు పెట్టింది.

ఫోనులో నిఘంటువు తెరిచి ఉంది. ఆమె మెల్లగా తెలుగులో చెప్పింది. కంజెక్చరల్ అంటే ఊహ మీద ఆధారపడినది. రుజువు చాలనిది. ఉన్న నాలుగు ఆనవాళ్లు పోగేసి, మిగతాది ఊహించి చెప్పినది. శిథిలమైన శాసనంలో పోయిన అక్షరాలను ఎవరైనా పండితుడు ఊహించి పూరిస్తే ఆ పాఠాన్ని అలా అంటారట. కాలం తేలని రాజుకు చరిత్రకారులు ఇచ్చే సంవత్సరాన్నీ అలాగే అంటారట. పాత పటాల్లో, కొలవకుండా ఇటువైపు నుంచి అటువైపుకు కలిపిన గీతల పక్కన ఆ మాట రాసేవారట.

"మరి కన్ అంటే కూడి అని చెప్పినానే" అన్నాను.

"అది మాత్రం కరెక్టే సార్. లాటిన్లో కన్ అంటే కలిపి. మిగిలింది జంక్చర్ కాదు. దానికి విసరడం అని అర్థం. కలిపి విసిరేది. శకునాలు చూసి, కలలు చూసి జరగబోయేది చెప్పేదానికి గూడా ఆ మాటే వాడేవాళ్లంట."

కన్ విషయంలో నేను కరెక్టు. ఆ కాస్త కరెక్టే నాకు అంత ధైర్యం ఇచ్చింది. పూర్తిగా తెలియనివాడు ఎవరినైనా అడుగుతాడు. సగం తెలిసిన నేను అడగలేదు.

"ఎప్పుడు చూసినావు పాపా ఇది?"

ఆమె తల దించుకుంది. "మీరు చెప్పిన రోజే సార్. ఇంటికి పోయి చూసినా."

"మూడు నెలలు ఊరికే ఉన్నావా?"

"మన డిపార్ట్‌మెంట్లో దానికి వేరే అర్థం ఉందేమో అనుకున్నా సార్. మీరు అంత గట్టిగా చెప్తిరి. తర్వాత పై సారు గూడా రాసె. అందరూ రాస్తాంటే నాకు తెలిసిందే తప్పేమో అనిపిచ్చింది."

పిల్లలూ, నా సర్వీసులో నాకు తగిలిన పెద్ద దెబ్బ ఇదే. ఆమె నిఘంటువును నమ్మలేదు, నన్ను నమ్మింది.

విచారణ పదకొండు గంటలకు. మా పై అధికారి వరండాలో కనిపించాడు. సంగతి చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి నన్ను స్తంభం చాటుకు తీసుకుపోయాడు.

"నీకు ఇంకా ఆరు నెలలు గూడా లేవు. ఇప్పుడు ఈ నిఘంటువు ఎందుకయ్యా? లోపల ఎవరికి తెలుసు దాని అర్థం? నువ్వు రాసిందే అర్థం. నా మూడు ఫైళ్ల సంగతి గూడా చూడు."

"పసుపు ఎండిపోయింది సార్."

"ఎండిపోయింది గదా. నువ్వు చెప్తే పచ్చబడతాదా?"

అప్పుడే బంట్రోతు వచ్చి పిలిచాడు.

లోపల విచారణాధికారి వయసులో చిన్నవాడు. మర్యాదస్థుడు. ఒక పక్క పెద్దమ్మ, ఆమె తరఫున ఎవరూ లేరు. ఇంకో పక్క అంగడాయన, ఆయన వకీలు. వకీలు నా నివేదికను చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు. సంధి రేఖ అనేది సర్వే శాస్త్రంలో ఎంతో కాలంగా ఉన్న మాట అన్నాడు. రెండు గ్రామాల సమ్మతితో నిర్ణయమైన రేఖ కాబట్టి దానికి మిగతా హద్దులకన్నా ఎక్కువ విలువ అన్నాడు. సమ్మతి అన్న సంగతి నేను కూడా రాయలేదు. అది ఆయన సొంతంగా చేర్చాడు. నా ఊహ నా చెయ్యి దాటి పోయి, నాకంటే బాగా మాట్లాడుతోంది. విచారణాధికారి తల ఊపుతూ రాసుకుంటున్నాడు.

"సర్వేయర్ గారూ, మీరేమన్నా చెప్పేది ఉందా?"

మా పై అధికారి నన్నే చూస్తున్నాడు. నేను లేచాను. ధైర్యం వచ్చి లేచానని రాస్తే అబద్ధం. వెనక బెంచీలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నేను ఇప్పుడు ఏం చెబితే అది ఆమె ముప్పై ఏళ్ల పాటు నిజమనుకుంటుంది. ఆ భయంతో లేచాను.

"సార్, సంధి రేఖ అనే మాట సర్వేలో లేదు. నేను పుట్టించినాను."

విచారణాధికారి రాయడం ఆపి తల ఎత్తాడు.

"పటంలో ఉన్న మాట కంజెక్చరల్. దానికి నాకు అర్థం తెలీదు. తెలిసినట్టు రాసినాను. కొలవకుండా ఊహించి గీసిన గీత అని దాని అర్థం. నేను దాని మీద రాళ్లు పాతినాను."

విచారణాధికారి తల వంచుకుని బల్ల కింద ఏదో చూశాడు. ఫోను. వకీలు కూడా ఫోను తీశాడు. కాసేపు పెద్దవాళ్లందరం పరీక్ష గదిలో చీటీలు తీసినట్టు తలలు వంచుకుని కూర్చున్నాం. పెద్దమ్మ ఒక్కతే తల ఎత్తి మమ్మల్ని వరసగా చూసింది.

"మరి అసలు హద్దు ఎక్కడుంది?" అన్నాడు విచారణాధికారి.

"తెలీదు సార్."

ఆఫీసులో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. అనుకున్నంత కష్టంగా లేదు. ముందే అలవాటు చేసుకుని ఉండాల్సింది.

పెద్దమ్మ మాట్లాడింది. "అంటే ఆ తెల్లదొరకు గూడా తెలీదా?"

"తెలీదు పెద్దమ్మా. తనకు తెలీదని ఆ గీత పక్కనే రాసి పోయినాడు. మేమే సదవలే."

"అందాజుగా గీసినాడన్న మాట."

"అవును. అందాజే."

ఒక్క మాటలో తేల్చేసింది. మన భాషలో ఊహించడానికి మాటలకు కొదవ లేదు. బస్తాను చూసి బరువు చెబితే అందాజు. ఇంజనీరు కాగితం మీద వేస్తే అంచనా. లెక్క కుదరక దగ్గరగా చెబితే ఉజ్జాయింపు. పక్కవాడి మీద వేస్తే అనుమానం. కంజెక్చరల్ అనే మాటలో వీటి అన్నిటికన్నా ఒక చిన్న గుణం ఎక్కువ ఉంది. ఊహించినవాడే ఇది నా ఊహ అని ఒప్పుకుని, సంతకం పెట్టినట్టు పక్కన రాస్తాడు. వందేళ్ల కింద ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వంక ఒడ్డున నిలబడి ఆ నిజాయితీ చూపించాడు. ఎందుకు దాటలేదో నాకు తెలియదు. వంక వచ్చి ఉంటుందని చైన్‌మన్ అన్న అంటాడు. అదీ కంజెక్చరే.

తర్వాత జరిగినవి తొందరగా చెబుతాను. నా నివేదిక కొట్టేశారు. అజాగ్రత్తకు సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది. జవాబు తెలుగులో రాశాను. మా పై అధికారి నాతో మాట్లాడటం మానేశాడు. తన మూడు ఫైళ్లు వెనక్కి తెప్పించుకుని, సంధి రేఖ అన్న చోటల్లా తెల్ల సిరా పూసి 'హద్దు రేఖ' అని దిద్దించాడు. ఊహించిన గీతకు హద్దు అని పేరు పెట్టడం అంతకంటే పెద్ద తప్పు అని నేను చెప్పాలనుకున్నాను. కానీ ఆయన నాతో మాట్లాడటం లేదు కదా.

హద్దు తేల్చడానికి మళ్లీ పొలం మీద అందరినీ కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన రోవర్ తెచ్చాం. పైకి చూస్తే బారెడు కర్ర, ఉపగ్రహాలతో మాట్లాడి, నిలబెట్టిన చోటు ఎక్కడో వేలెడు తేడా లేకుండా చెబుతుంది. అయితే ఎక్కడ నిలబెట్టాలో మనమే చెప్పాలి. దానికి తెలియదు. అందరం బావి దగ్గర నిలబడి ఉంటే అంగడాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"పెద్దమ్మా, నీ మామ కాలంలో ఈ బావి కాడికి మా తాత గూడా వచ్చేవాడంట. మా చేను యాడిదాకా అని మా ఇంట్లో అనుకునేదో చెప్తా. నువ్వు నీది చెప్పు."

ఇద్దరూ చెప్పుకున్నారు. ఇద్దరి మాటకూ రెండు గజాల తేడా వచ్చింది. ఆ రెండు గజాలూ బండి బాటగా వదిలేద్దామన్నాడు ఆయన. సరేనంది ఆమె. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన వెంటనే కంచె ఇవతల పక్క విప్పించడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి వచ్చి, "నేను మొదట్నే బావి వద్దంటి గదప్పా. సర్కారు రాయి పాతినాక కాదనేదానికి నేనెవర్ని?" అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు. నిజంగానే జవాబు అడిగినట్టు అన్నాడు.

నేను పాతించిన నాలుగు రాళ్లనూ చైన్‌మన్ అన్న, నేను కలిసి పెకలించాం. కూలీలను పిలవనివ్వలేదు. నడుం పట్టేసింది. అన్న రూలు ఏమంటుంది సార్ అని అడుగుతాడేమోనని ప్రతి రాయి దగ్గరా ఎదురుచూశాను. అడగలేదు. అడిగి ఉంటే తేలికపడేవాణ్ణి.

వాళ్లు ఒప్పుకున్న గీత మీద ఆ అమ్మాయి రోవర్ పట్టుకుని నడిచింది. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు నన్ను పిలిచింది.

"సార్, ఇది ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకున్న గీత అని రాద్దామంటే యాడా తావు లేదు. చుక్కలు పెట్టేదానికీ లేదు. నిండు గీత ఒకటే తీసుకుంటాది."

"ఏం చేద్దాం పాపా?"

"తెలీదు సార్" అంది. అని, నవ్వింది. ఆ మాట ఆమె నోట వినడం నాకు హాయిగా అనిపించింది. కాగితం మీద అచ్చు తీసి, వెనక్కి తిప్పి, ఆ గీత ఎలా వచ్చిందో తెలుగులో నాలుగు వరసలు రాసింది. ఇద్దరి చేతా వేలిముద్ర, సంతకం పెట్టించింది. వందేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే, వెనక్కి తిప్పుతారో లేదో చెప్పలేను.

పెద్దమ్మకు పటం నకలు ఇవ్వడానికి నేనే పోయాను. ఎండిన పసుపు తీసేసి, వేరే పంటకని చేను దున్నించింది. బావి గట్టు మీద కూర్చుని ఉంది. కాగితం అందుకుని కళ్లకు దూరంగా పెట్టి చూసింది. ఇది మీ పొలం, ఇది బాట, ఇదిగో బావి అని వేలు పెట్టి చూపించాను. సున్నా చుట్టి ఉన్న బావి మీద ఆమె కాసేపు వేలు ఉంచింది.

"అంతా సరిగ్గా వచ్చిందా ఇందులో?"

"వచ్చింది పెద్దమ్మా. ఈసారి చూసి, అడిగి గీసినాం."

"మరి నా పసుపు యాడుండాది?"

నేను పటం వైపు చూశాను. "ఇందులో పంటలు చూపించరు పెద్దమ్మా."

"తెలుసులే" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి నడుములో దోపుకుని, కరెంటు పోయేలోగా మోటారు వెయ్యాలని లేచింది.